గడువును, ముందుగడువును

గడువు అను మాట మన ప్రాంతపు బిడ్డలకు క్రొత్తది కాదు. జీడిపిక్కలు కొనిన వర్తకుడు సొమ్మిచ్చుటకు ఒక గడువు చెప్పును. మహిళాసంఘమున అప్పు తీసికొనిన తల్లి నెలనెలా వాయిదా కట్టుటకు ఒక గడువు పెట్టుకొనును. వరినాట్లకు కార్తెయే గడువు. వేటకు పోవు మత్స్యకారునకు గాలియు నీరును గడువు పెట్టును. ఇన్ని గడువుల నడుమ పుట్టి పెరిగిన బాలుడు పాఠశాలకు వచ్చినంతనే గడువనగా భయపడుటకో, లేక దానిని లక్ష్యపెట్టకుండుటకో కారణమేమి? పలాస, టెక్కలి, వజ్రపుకొత్తూరు, మందస ప్రాంతములనుండి వచ్చు పైతరగతుల విద్యార్థులను దినదినమును చూచుచున్న మేము ఈ ప్రశ్నను గుఱించి కొంత ఆలోచించితిమి. ఆ ఆలోచనను విద్యార్థులకును, తల్లిదండ్రులకును, తోడి యుపాధ్యాయులకును ఇచ్చట విన్నవించుచున్నాము.

మేము చెప్పదలచినది ముఖ్యముగా ఒక్కటే. ఉపాధ్యాయుడు చెప్పిన తేదీ కడగడువు. దానికి ముందు విద్యార్థి తనకు తానే పెట్టుకొను తేదీ ముందుగడువు. మొదటిది పాఠశాలది; రెండవది విద్యార్థిది. కడగడువునే నమ్ముకొనినవాని పని ఒక జ్వరమునకో, ఒక గాలివానకో చెడిపోవును. ముందుగడువు పెట్టుకొనినవానికి ఆ జ్వరమునకును, ఆ గాలివానకును చోటు మిగిలియుండును. దీపముండగానే యిల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు చెప్పినది ఇట్టి పనిని గుఱించియే.

తొమ్మిది, పది తరగతులవారికి వత్సరము పొడవున పడు పనులు నాలుగు విధములు. మొదటిది నోటుపుస్తకముల పని. ఇది దినదినము కొంచెముగా పెరుగును. రెండవది ప్రాజెక్టు పని. దీనికి బయటకు పోయి చూచుట, అడుగుట, వ్రాయుట కలవు. మూడవది ఫార్మెటివ్, సమ్మేటివ్ అను పరీక్షలు. ఇవి వత్సరములో విడివిడిగా వచ్చుచుండును. నాలుగవది పదవతరగతివారికి ప్రీఫైనల్ పరీక్షలును, వాని వెనుక వచ్చు పబ్లిక్ పరీక్షయు. ఈ నాలుగింటిని ఒక్కతీరుగా చూచుట చాలమంది చేయు పొరపాటు. నోటుపుస్తకము ఒక రాత్రిలో పూర్తిచేయదగినది కాదు. ప్రాజెక్టు ఒక్కడు ఇంటిలో కూర్చుండి చేయదగినది కాదు. పరీక్షకు కావలసినది ఒక్కమాఱు చదువుట గాక, మఱల మఱల చదువుట. పని స్వభావము వేఱైనప్పుడు గడువు పెట్టుకొను విధమును వేఱుగానే యుండవలెను.

"చిన్నపరీక్షల మార్కులు పబ్లిక్ పరీక్షలో కలియవు గదా, వానికై శ్రమయేల?" యని కొందఱు విద్యార్థులు మమ్ము నడుగుచుందురు. దీనికి ఇటీవలి చరిత్రయే సమాధానము. 2017 మార్చి పరీక్ష మొదలుకొని కొన్ని వత్సరములు ఆంధ్రప్రదేశమున పదవతరగతి నూఱు మార్కులలో 20 మార్కులు పాఠశాలలో వత్సరము పొడవున చేసిన పనులకే యుండెను. 2019లో ఆ పద్ధతిని తీసివేసి నూఱు మార్కులును చివరి పరీక్షకే ఉంచిరి. ఇక చిన్నపరీక్షలతో పనిలేదని పలువురు తలచిరి. అంతలో కరోనా వచ్చినది. 2020లోను, 2021లోను పబ్లిక్ పరీక్షలు రద్దయినవి. 2021లో ఫలితములు ప్రకటించినప్పుడు విద్యార్థులు అంతకుముందు పాఠశాలలో వ్రాసిన ఫార్మెటివ్ పరీక్షల మార్కులే ఆధారమైనవి. ఎవ్వరును లెక్కలోనికి తీసికొననివని తలచిన మార్కులే లెక్కకు వచ్చినవి. ఇట్టి వత్సరము మఱల వచ్చునని మేము బెదరించుట లేదు. చేతిలో నున్న పనిని దాని దినమున చేసినవానికి ఏ పద్ధతి మాఱినను నష్టము లేదని మాత్రమే చెప్పుచున్నాము.

ఇక మన చేతిలో నున్న కాలమెంతయో చూతము. పాఠశాలలు సామాన్యముగా జూను 12వ తేదీ ప్రాంతమున తెఱచెదరు. పబ్లిక్ పరీక్షలు 2024లో మార్చి 18వ తేదీనను, 2025లో మార్చి 17వ తేదీనను ప్రారంభమైనవి. జూను 12 మొదలు మార్చి 17 వఱకు లెక్కింపగా 278 దినములు. అనగా 39 వారములును, పైన కొన్ని దినములును. దసరా, క్రిస్మసు, సంక్రాంతి సెలవులు కలిపి ఇందులో మూడు వారములు పోవును. మిషను పాఠశాలలకు దసరా సెలవులు తగ్గి క్రిస్మసు సెలవులు హెచ్చినను మొత్తమున పెద్ద భేదము లేదు. పరీక్షలు వ్రాయు దినములకు మఱి మూడు వారములు తీసివేయుడు. జ్వరములకు, పెండ్లిండ్లకు, గ్రామదేవత పండుగలకు, గాలివానలకు ఇంకొక మూడు వారములు తీసివేయుడు. ఈ తీసివేతలు మా యంచనాలు. ఇంటింటికిని కొంత హెచ్చుతగ్గు లుండును. మిగిలినవి సుమారు 30 వారములు. విషయములు ఆఱు: తెలుగు, హిందీ, ఇంగ్లీషు, గణితము, సామాన్యశాస్త్రము, సాంఘికశాస్త్రము. పంచినచో ఒక్కొక్క విషయమునకు వచ్చునవి అయిదే వారములు! జూను నెలలో ఎదుట సముద్రమంత కాలము కనబడుచున్నది. లెక్కించి చూడగా అది చెఱువంతయే.

ఆ కాలమైనను అన్ని నెలలలో ఒక్కతీరుగా దొరకదు. మన తీరమునకు దాని పంచాంగము దానికి కలదు. 2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుఫాను గోపాలపురమువద్ద తీరము దాటినది. సరిగా వత్సరమునకు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణముమీద పడినది. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను గంటకు 140, 150 కిలోమీటర్ల వేగపు గాలితో మన పలాసవద్దనే తీరము దాటినది. 2021 సెప్టెంబరు 26న గులాబు తుఫాను కళింగపట్టణమునకు ఉత్తరమున దాటినది. ఈ తేదీలను వరుసగా వ్రాసికొని చూడుడు. సెప్టెంబరు చివరివారము మొదలు అక్టోబరు నడుమవఱకు మనకు అపాయకాలమని అవియే చెప్పుచున్నవి. తిత్లీ నాడు ఉద్దానమున కొబ్బరిచెట్లును, జీడిచెట్లును లెక్కకు మించి నేలకూలినవి. కరెంటు తిరిగి వచ్చుటకు అనేక గ్రామములలో చాల దినములు పట్టినది. ఇంటిమీది కప్పు పోయినవానిని ప్రాజెక్టు ఏదియని అడుగగల యుపాధ్యాయు డెవ్వడు? కాని పాఠశాల తెఱచిన తరువాత పని తప్పదు గదా. కావున అక్టోబరులో ఇయ్యవలసిన పని ఏదైనను సెప్టెంబరు 20వ తేదీ లోపల ముగించుట మన తీరమునకు తగిన ముందుగడువు. పుస్తకములను ప్లాస్టిక్ సంచిలో కట్టి అటకమీద పెట్టుటయు ఆ ప్రణాళికలోని భాగమే.

రెండవ చిక్కు మార్చి నెలది. జీడిమామిడి పూత చలికాలమున వచ్చును; పిక్కలు రాలుట మార్చి మొదలు మే వఱకు సాగును. పబ్లిక్ పరీక్ష సరిగా ఆ ప్రారంభముననే వచ్చును. తోటగల యింటను, తోటకు కూలికి పోవు ఇంటను ఆ దినములలో ఒక్క చేయియు ఖాళీగా నుండదు. పిక్కలు ఏఱుటకు పదునాఱేండ్ల బిడ్డ ఎంత ఉపయోగమో మే మెఱుగుదుము. అది కష్టపడి జీవించు ఇంటి ధర్మమే. అయినను ఆ మూడు వారములు విడిచిపెట్టిన చేయి తరువాత పదిరెట్లు తెచ్చియిచ్చును. ఈ మాట తల్లిదండ్రులతో ఫిబ్రవరిలో చెప్పినచో ప్రయోజనము తక్కువ. సంక్రాంతికి బంధువులందఱును ఇంటనున్నప్పుడే, మార్చిలో తోటపనికి ఎవరు తోడువత్తురో మాటలాడుకొనవలెను. ఇంటి ఏర్పాటునకును ముందుగడువు కావలెను.

ఇక ముందుగడువు పెట్టుకొను విధానము. ఒక ఉదాహరణము తీసికొందము. సాంఘికశాస్త్రపు మాస్టారు నాలుగు వారముల గడువిచ్చి, "మన యూరి జీడిపిక్క పప్పై అంగడికి చేరులోపల ఎన్ని చేతులు మాఱును?" అను ప్రాజెక్టు ఇచ్చెననుకొందము. సామాన్యముగా విద్యార్థి ఏమి చేయును? మూడు వారములు మఱచిపోవును. నాలుగవ వారము ఆదివారమున కాశీబుగ్గకు పరుగెత్తును. ఆనాడు జీడిపరిశ్రమ మూసియుండును. లేదా యజమాని ఊరలేడందురు. అంతట చేతిఫోను తెఱచి, ఎచ్చటనో యెవరో వ్రాసినది మక్కికి మక్కిగా దింపుకొని వచ్చును. అందులో కేరళపు తోటలుండును గాని తన తాతగారి తోట యుండదు.

దీనికి బదులు చివరనుండి వెనుకకు లెక్కించుకొనవలెను. ఇయ్యవలసిన దినమునకు అయిదు దినముల ముందు ఒక గీత గీయుడు, అదియే ముందుగడువు. శుభ్రప్రతి వ్రాయుటకు రెండు సాయంకాలములు. దానికి ముందు చిత్తుప్రతికి మూడు సాయంకాలములు. దానికి ముందు పరిశ్రమకు పోయి చూచుట: పిక్కలు ఉడికించుట, కత్తిరించుట, ఆరబెట్టుట, పొట్టు తీయుట, గుండు, బద్ద, ముక్క యని ఏఱుట. దానికి ముందు పిక్కలు కొను వర్తకుని అడిగి 80 కిలోల బస్తా ధర తెలిసికొనుట. దానికి ముందు ఇంటిలో తాతను, నాయనను అడుగుట. ఇట్లు వెనుకకు పోగా మొదటి వారమున చేయవలసిన పని యేదియో తానుగా తేలును. మొదటి వారమున చేయవలసినది వ్రాయుట కాదు. పరిశ్రమ యజమానిని అనుమతి అడుగుట. ఏలనగా అది మన చేతిలో లేని పని. అతడు "వచ్చే వారము రా" యనినను మనకు వారము మిగిలియుండును. ఇందుండి ఒక సూత్రము గ్రహింపవచ్చును: పరులమీద ఆధారపడిన భాగమును ముందు ముగింపుము, నీ చేతిలోని భాగమును తరువాత చేయవచ్చును.

పనికి ఎంతకాలము పట్టునో తెలియక గడువు పెట్టుకొనుట వ్యర్థము. ఒక పాఠమునకు ప్రశ్నోత్తరములు వ్రాయుటకు అరగంట చాలునని తలచెదము. ఒక్కమాఱు గడియారము చూచి వ్రాసినచో గంటకు పైగా పట్టినదని తెలియును. కావున ప్రతివిషయమునందును ఒక్కొక్క పనికి పట్టిన కాలమును నోటుపుస్తకపు చివరిపుటలో వ్రాసికొనుడు. మూడు వారములలో మీ వేగము మీకు తెలియును. ఇతరుల వేగముతో పోల్చుకొనవలదు. గణితమున శీఘ్రముగా పోవువాడు హిందీలో నిలిచిపోవచ్చును.

వ్రాసికొనుటకు ఖరీదైన డైరీ అక్కఱలేదు. ప్రతియింటను పాలలెక్కయు, గ్యాసు వచ్చిన దినమును వ్రాయు గోడక్యాలెండరు ఉన్నది. దానిమీద కడగడువునకు ఎఱ్ఱని సున్నయు, ముందుగడువునకు నీలపు సున్నయు చుట్టుడు. ఆదివారము సాయంకాలము పదినిమిషములు దాని యెదుట నిలిచి, రాబోవు రెండు వారములలోని సున్నలను చదువుడు. రెండు ఎఱ్ఱసున్నలు ఒక్క దినమున పడినచో అందొకదాని నీలపుసున్నను ఇంకను ముందునకు జరుపుడు. ఇంతకంటె పెద్ద విద్య ఇందులో ఏదియు లేదు.

ఇచ్చట మా దోషమును మేము ఒప్పుకొనవలసియున్నది. ఒక వత్సరము మేము నలుగురము నాలుగు విషయములలో ప్రాజెక్టులు ఇచ్చి, ఒకరి నొకరు అడుగకయే అందఱమును ఒక్క శనివారమునకే గడువు పెట్టితిమి. ఆ శనివారమున సగము తరగతి బడికి రాలేదు. బాలురు సోమరులైరని మేము కోపించితిమి. తరువాత ఒక బాలుని పుస్తకమున నాలుగు గడువులును ఒక్క వరుసలో వ్రాసియుండుట చూచి సిగ్గుపడితిమి. అప్పటినుండి ఉపాధ్యాయుల గదిలో గోడకు ఒక కాగితము అంటించి, గడువు తరగతిలో చెప్పుటకు ముందు దానిమీద వ్రాయుట అలవాటు చేసికొంటిమి. ఒక వారమున రెండు పెద్దపనులకు మించి యుండరాదు. మూడవది వచ్చినచో వచ్చినవారే తేదీ మార్చుకొనవలెను. విద్యార్థికి ప్రణాళిక నేర్పువారికి ముందు ప్రణాళిక ఉండవలెను గదా.

ఇంకొక సంగతి చెప్పక తీఱదు. పదవతరగతిలో ఒక బాలిక ఉండెను. అక్షరములు ముత్యములవలె నుండును. కాని పని తఱచుగా ఒక దినము ఆలస్యముగా వచ్చును. రెండుమాఱులు మందలించితిమి. మూడవమాఱు అందఱియెదుట నిలువబెట్టి అడిగితిమి. ఆమె తలవంచుకొని మాటాడలేదు. ఆ రాత్రి మార్కుల పుస్తకము తిరుగవేయుచుండగా ఒక విశేషము కనబడినది. ఆమె ఆలస్యములన్నియు మంగళవారములును, శుక్రవారములునే. మఱునాడు వేఱుగా పిలిచి అడుగగా, "మా నాన్నకు ఆ రెండు రోజులు డయాలసిస్ మాస్టారూ. అమ్మ పనికి పోతుంది. నేనే తోడు వెళ్ళాలి" అనినది. ముందే ఏల చెప్పలేదమ్మా యనగా, "సాకు చెబుతున్నాననుకుంటారని" అనినది.

ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని యిండ్లను పట్టి పీడించుచున్నదో ఈ పత్రిక చదువువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. దాని కారణము ఇంకను సంపూర్ణముగా తేలలేదు. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో 200 పడకల ఆసుపత్రియు, పరిశోధనకేంద్రమును ప్రారంభమైనవి. వైద్యము దగ్గఱకు వచ్చినది. కాని రోగిని తీసికొనిపోవు చేయి ఇంటిదే. ఒక్కొక్క పర్యాయమునకు సామాన్యముగా నాలుగు గంటలు పట్టు చికిత్స అది. పోవుటయు వచ్చుటయు కలిపినచో దినమంతయు పోవును. ఆ బాలికకు మేము చేసిన సాయము చాల స్వల్పము. ఆమె గడువులను సోమవారమునకును, గురువారమునకును జరిపితిమి. అనగా వెనుకకు కాదు, ముందుకే. ఆసుపత్రి వరండాలో చదువదగిన పనిని వేఱుచేసి ఇచ్చితిమి. తరువాత ఆమె పని ఒక్కనాడును ఆలస్యము కాలేదు. ఆమెకు లోపించినది శ్రద్ధ కాదు. తన వారమునకు సరిపోవు గడువు. అందఱి యెదుట మేము పలికిన మాట మాత్రము వెనుకకు తీసికొనరానిదై మాకు మిగిలినది.

కావున విద్యార్థులారా, గడువు తప్పునని తెలిసిననాడే చెప్పుడు. గడువునకు మూడు దినముల ముందు చెప్పిన కారణము సమాచారము. గడువు మఱునాడు చెప్పిన కారణము, అది నిజమైనను, సాకువలె వినబడును. ఏమి చెప్పవలెను? ఏ పని, ఎంతవఱకు అయినది, ఏల ఆగినది, ఏ దినమున ఇయ్యగలరు అను నాలుగు మాటలు చాలును. నోటితో చెప్పుటకు సంకోచమైనచో చీటి వ్రాసి ఇయ్యుడు. సగము పనియైనను దాని దినమున చూపుడు. సగము చూపినవానిని మిగిలినది అడుగుదుము, ఏమియు చూపనివానిని ఏమని అడుగగలము? ఒకదాని గడువు తప్పినదని దుఃఖించుచు తరువాతిదానిని తప్పించుకొనవలదు. రాబోవు దానిని దాని దినమున ఇచ్చి, తప్పినదానిని ఆ తరువాత తీర్చుకొనుడు.

తల్లిదండ్రులారా, చదువు రానివారము మేమేమి సాయము చేయగలమని మీలో కొందఱు అనుచుందురు. ఆదివారము సాయంకాలము "ఈ వారము ఏమియేమి ఇయ్యవలెను?" అని ఒక్క ప్రశ్న అడుగుడు. క్యాలెండరుమీది సున్నను వ్రేలితో చూపింపుమనుడు. అంతకంటె అక్కఱలేదు. అడుగువారున్నారని తెలిసిన బిడ్డ సమాధానము సిద్ధము చేసికొనును. చీకటి పడిన తరువాత ఒకటిన్నర గంట టీవీ కట్టివేయుట రెండవ సాయము.

పబ్లిక్ పరీక్షను గుఱించి కొంచెము చెప్పి ముగింతుము. ఆఱు విషయములకు నూఱేసి మార్కుల చొప్పున మొత్తము 600 మార్కులు. సామాన్యశాస్త్రము భౌతిక, జీవశాస్త్రములుగా 50 మార్కుల రెండు పత్రములై వేఱువేఱు దినములలో వచ్చును. కావున పరీక్షలు వ్రాయు దినములు ఏడు. పెద్దపత్రములు ఉదయము 9:30 గంటలకు ప్రారంభమై 12:45 గంటలకు ముగియును. ఆ మూడుంబావు గంటలలో పదునైదు నిమిషములు ప్రశ్నపత్రము చదువుటకే. చాలమంది ఆ పదునైదు నిమిషములను ఆతురతతో పోగొట్టుకొందురు. అవి ప్రణాళికకు ఇచ్చినవి. ఏ ప్రశ్న ముందు, దేనికెంతసేపు, చివర చూచుకొనుటకు ఎన్ని నిమిషములు అని అప్పుడు నిశ్చయించుకొనవలెను. వత్సరము పొడవున ముందుగడువులు పెట్టుకొనిన చేతికి ఆ పదునైదు నిమిషములు కొత్తగా తోచవు. ఒకవేళ ఏ విషయమునందైనను తప్పినచో అదే వేసవిలో సప్లిమెంటరీ పరీక్ష యున్నది. అది అవమానము కాదు, మఱియొక గడువు. ఒక గడువు తప్పినంతమాత్రమున బ్రదుకు తప్పలేదని ప్రతి బిడ్డయు, ప్రతి తల్లియు గట్టిగా నమ్మవలెను.

టెక్కలి దగ్గఱ తేలినీలాపురమునకు గూడబాతులును, ఎఱ్ఱకాళ్ళ కొంగలును సెప్టెంబరు ప్రాంతమున వచ్చి, చింతచెట్లమీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ముదురకముందే వెడలిపోవుట మనమందఱము చూచుచున్నదే. అవి వచ్చినప్పుడు మీ నోటుపుస్తకములు సగము నిండియుండవలెను. అవి పోవునప్పుడు మీ పరీక్షలు ముగిసియుండును. ఈ పత్రిక మీ చేతికి వచ్చిన దినముననే గోడక్యాలెండరు దగ్గఱకు పోయి మొదటి నీలపుసున్న చుట్టుడు.